చిలకమ్మకు దబ్బనం వైద్యం

మా దగ్గర మొదట ఉన్నవి తొమ్మిది వందల రూపాయలు, ఒక పెళ్ళిగుర్రం, మూడు బుర్రలు. ఊళ్ళో అందరికీ బుర్రలున్నాయి, కానీ మావి పనిచేస్తాయి. ఆలోచన ఓబులేసన్నది, అనుమానం సుంకులమ్మ వదినది, లెక్క నాది.

గుర్రం పేరు చిలకమ్మ. శుక్రవారం పత్తి వ్యాపారి శేషన్న కొడుకు ఊరేగింపు. సోమవారం చూస్తే చిలకమ్మ ముందుకాలు కుంటుతోంది.

"గుర్రం నడవకపోతే కారు మాట్లాడుకుంటా. మళ్ళీ మీ గడప తొక్కను" అన్నాడు శేషన్న.

అంతే, సూదుల వైద్యం చేసే పశువుల డాక్టరమ్మను పిలిచాం. కుక్కలకూ పిల్లులకూ కూడా చేస్తుందట. ఆరు వందలు తీసుకుని, సన్నటి సూదులు పది చిలకమ్మ వీపున గుచ్చింది. చిలకమ్మ తల వేలాడేసి ఆవులించింది. కాసేపటికి కాలు గట్టిగా మోపింది.

"కాలు నొప్పైతే వీపున గుచ్చారేమమ్మా?" అంది వదిన.

"నొప్పి ఉన్నచోటే గుచ్చాలని లేదు. దూరంగా గుచ్చినా పనిచేస్తుంది. మూడు రోజులు బాగుంటుంది, గురువారం మళ్ళీ పిలవండి" అని సూదులు తీసుకుని వెళ్ళిపోయింది.

"మూడొందలే మిగిలాయి. సగం డాక్టరమ్మ వస్తుందేమో అడుగుదామా?" అన్నాడు అన్న.

నేను టేపు పెట్టాను. గిట్ట నుంచి సూది పోటు దాకా సరిగ్గా మూడడుగులు. మూడడుగులకు మూడు రోజులు, అంటే అడుగుకు రోజు. అన్నకు కళ్ళు చెమర్చాయి. "నిన్ను ఎనిమిదో తరగతితో మాన్పించి తప్పు చేశాంరా."

శుక్రవారానికి నాలుగు రోజులు, నాలుగడుగులు. టేపు గుర్రాన్ని దాటి, తవుడు కలుపుతూ వంగిన అన్న మీదికి పోయింది. సూదులు లేవు, గోనెలు కుట్టే దబ్బనం ఉంది. పది సూదుల లావు ఒక్క దబ్బనం, కాబట్టి ఒక్క పోటు. గుచ్చాను. ఇంకేముంది, అన్న తొట్టితో సహా లేచాడు. తవుడంతా వదిన నెత్తిన పడింది.

"నాకిక కూర్చోవడం కుదరదురా" అన్నాడు అన్న.

"గుర్రం నొప్పి నీకొచ్చింది. వైద్యం పట్టిందన్నమాట" అంది వదిన. "కానీ రోజూ నా మొగుణ్ణే పొడవకు మరిదీ. ఏడాదికి సరిపడా ఒకేసారి చూడు."

మూడు వందల అరవై అయిదు అడుగుల దగ్గర మంగలి కొట్టు, దాని ముందు నిద్రపోతున్న కుక్క. గుచ్చాను. కుక్క కొట్టులోకి దూకింది, మంగలి చెయ్యి జారింది, గడ్డం గీయించుకుంటున్న శేషన్నకు కుడి మీసం పోయింది.

శుక్రవారం పొద్దున చిలకమ్మ మళ్ళీ కుంటింది.

"కుక్క పరిగెత్తింది కదా, కొలత చెడింది" అంది వదిన. "కదలకుండా కూర్చునే వాళ్ళు కావాలి."

ఈసారి తెగించి ఇరవై ఏళ్ళకు లెక్క వేశాను. ఏడు వేల మూడు వందల అడుగులు. టేపు పట్టుకుని బజారు దాటాను, మండీ దాటాను, శేషన్న వాకిట్లోకి వచ్చాను. పందిట్లో పీట మీద పెళ్ళికొడుకు కూర్చున్నాడు. ముఖాన పసుపు, కళ్ళు మూసుకుని, కదలకుండా. మీసం లేని వైపు గుడ్డ కట్టుకుని శేషన్న వీధిలోకి చూస్తున్నాడు, గుర్రం కోసమే.

ఆయన దిగులు ఇక తీరినట్టే. ఏడు వేల రెండొందల తొంభై తొమ్మిది అయ్యాయి. దబ్బనం పైకెత్తాను. మిగిలింది ఒక్క అడుగు.