బానలో కూచున్న ఓబులమ్మ

అనగనగా అంటాను, ఊ కొట్టండి. ఊ కొట్టనివాళ్ళకి చివర్లో పొంగలి లేదు.

మీ తాతకి తాత ఇంకా పాలు తాగే రోజుల మాట. ఒక కొండ. కొండ మీద నరసింహస్వామి గుడి. కొండ కింద ఊరు. ఊరి చివర కుమ్మరి ఓబులమ్మ ఇల్లు.

గుడిలో పురాణం చదివే ఆయన పేరు అహోబలాచార్యులు. చూడబోతే ఇద్దరికీ పెట్టింది ఆ అహోబల స్వామి పేరే. ఈమె పేరు పదిమంది నోళ్ళలో నలిగింది, ఆయనది నలగలేదు, అంతే తేడా. అయినా ఆయన గడప లోపల, ఈమె గడప బయట.

ఏటా తిరునాళ్ళకి ఆచార్యులు తాటాకుల గ్రంథం విప్పి ఊరికి చదివి వినిపించేవాడు. గుడికి ఒక ఆచారం ఉంది. స్వామికి నైవేద్యం అయ్యేదాకా గ్రంథం కట్టకూడదు. కట్టాక, మళ్ళీ ఏడు మొదటినుంచే చదవాలి. నైవేద్యం అంటే కొత్త బానలో వండిన చక్కెర పొంగలి.

మొదటి అధ్యాయం నిండా కూడనివే. ఆడది ఇది వినకూడదు, ఫలానా కులం గడప దాటకూడదు, ఫలానావాళ్ళకి మోక్షం ఇప్పట్లో రాకూడదు. సరిగ్గా ఆ అధ్యాయం ముగిసేసరికి పొయ్యి మీదనుంచి నేతి వాసన వచ్చేది. ఆచార్యులకి నెయ్యంటే ప్రాణం. గ్రంథం కట్టేవాడు, పొంగలి తినేవాడు, కొండ దిగేవాడు. వాళ్ళ నాయనా అంతే. వాళ్ళ తాతా అంతే. అందుకే ఆ ఊళ్ళో కూడనివన్నీ అందరికీ కంఠతా వచ్చు. ఆ తర్వాత గ్రంథంలో ఏముందో ఒక్కరికీ తెలీదు.

ఒక ఏడు ఓబులమ్మ బాన తెచ్చి గడప బయట దించి ఆచార్యుల్ని అడిగింది.

"సామీ, నేను సస్తే సామి దగ్గరికి పోతానా?"

"పోతావు ఓబులమ్మా, ఎందుకు పోవు? ముందు మగవాడిగా పుట్టాలి. తర్వాత పెద్ద కులంలో పుట్టాలి. ఆ తర్వాత ఇంకో జన్మెత్తి శాస్త్రమంతా చదవాలి. అప్పుడు పోతావు."

ఓబులమ్మ మోకాళ్ళు పట్టుకుని కూలబడింది.

"మూడు జనమలా! ఈ కొండెక్కేదానికే నాకు సగం పొద్దు పడతాది సామీ. మా ఆయన సచ్చిపోయి శానా దినాలాయె. మగోడు కదా, నాకంటే ఒక జనమ ముందుండాడు. యాడని పరిగెత్తేది వాని ఎనక? గ్రంథంలో అట్లే రాసుందా?"

"అట్లే ఉంది."

"లోపలికొచ్చి నా చెవుల్తో ఇంటా."

"నువ్వు లోపలికి రాకూడదు."

"ఈ బాన వస్తాంది కదా? దీని మన్ను నా కాళ్ళతోనే తొక్కినా."

ఆచార్యులు నవ్వాడు. "పిచ్చిదానా, బాన నిప్పుల్లో కాలింది. కాలిన కొత్త బానకి దోషం లేదు. దాంట్లో ఏమున్నా శుద్ధమే."

"ఏమున్నా?"

"ఏమున్నా!"

ఓబులమ్మ ఉన్న నాలుగు పళ్ళతో నవ్వింది. పైకి నవ్వింది గానీ లోపల ముసలిదానికి దిగులే. చచ్చాక ఎటు పోతామో తెలియకుండా చావడం ఎంత కష్టమో మీరే చెప్పండి.

మళ్ళీ ఏడు వచ్చింది. ఓబులమ్మ చేసిన బాన చూసి ఊరు ముక్కున వేలేసుకుంది. లోపల దూడని కట్టేయొచ్చు, అంత బాన. గడప దగ్గర ఎవరూ చూడకుండా దాంట్లోకి దిగి ముడుచుకుంది. కోడలు పైన మూకుడు మూసింది. గుడివాళ్ళు పసుపునీళ్ళు చల్లి బానని మోసుకుపోయి స్వామి ఎదురుగా మండపంలో పెట్టారు.

"ఈ ఏడు బాన బరువుగా ఉందే!"

"సామి మహిమ లేరా, మొయ్యి."

ఆచార్యులు గ్రంథం విప్పాడు. వంటస్వామి మూకుడు తీసి, కళ్ళు మూసుకుని స్వామిని తలుచుకుంటూ బిందెడు నీళ్ళు బానలో కుమ్మరించాడు.

"సాలు నాయనా, సాలు! సలి!" అంది బాన.

బిందె ఒకవైపు, వంటస్వామి ఒకవైపు పడ్డారు. జనం దిగ్గున లేచారు. మరి అది నరసింహస్వామి గుడి కదా! స్తంభంలోంచి వచ్చిన స్వామి బానలోంచి రాడా? ఆచార్యులు అందరికంటే ముందు సాష్టాంగం పడ్డాడు. "స్వామీ, వచ్చావా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

బానలోంచి మెల్లగా తడిసిన తెల్ల సిగ ఒకటి పైకి లేచింది.

"నేను సామీ, ఓబులమ్మని. లెయ్ లెయ్, నడుం పట్టుకుంటాది."

ఇక చూడండి గోల! ధర్మకర్త నాగిరెడ్డి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "ముందు ఆమెని దిగమనండి స్వామీ."

"దిగితే కాలు నేలమీద పడుతుంది, గుడి మైల పడుతుంది" అన్నాడు ఆచార్యులు.

"అయితే బాన పగలగొడదాం."

"గుళ్ళో కుండ పగలగొడతారా? ఎవరు పోయారని?"

"అయితే ఎత్తుకుపోయి బయట పెడదాం."

బాన మోసినవాళ్ళు చేతులు కట్టుకున్నారు. "తెలీక ఒకసారి మోసినాం. తెలిసి మోస్తే ఊరు మమ్మల్ని ఓబులమ్మ బోయీలు అంటాది."

"ఎందుకు తగువు?" అంది ఓబులమ్మ. "దీంట్లో ఏమున్నా శుద్ధమని సామే చెప్పె. నా పాటికి నేను కూచోనుంటా. మీరు సదువుకోండి."

ఆచార్యులు తల గోక్కున్నాడు. తన మాటే మరి. ఇంకో కొత్త బాన కోసం కొండ దిగబోతూ కోడలు చెప్పింది. పచ్చి బాన ఉందట, కాల్చి తెచ్చేసరికి పొద్దు గూకుతుందట. బాన లేకపోతే పొంగలి లేదు. పొంగలి లేకపోతే నైవేద్యం లేదు. నైవేద్యం కాకపోతే గ్రంథం కట్టకూడదు.

చేసేది లేక ఆచార్యులు చదివాడు. కూడనివన్నీ చదివాడు. అధ్యాయం ముగిసింది. అలవాటుగా ముక్కు ఎగబీల్చాడు. నేతి వాసన లేదు. కడుపు కాలుతుండగా తర్వాతి ఆకు తిప్పాడు. తాతలనాటినుంచి ఎవరూ తిప్పని ఆకు అది.

అందులో అమ్మవారు స్వామిని అడుగుతోంది. "ఇన్ని కూడదులు చెప్పారు కదా, మరి మీ దగ్గరికి ఎవరు రావచ్చు?"

స్వామి నవ్వి అన్నాడు. "ఆ కట్టుబాట్లు మనుషులు మనుషులకి పెట్టుకున్నవి. కాలం మారితే అవే మారతాయి. నా దగ్గరికి రావడానికి ఆడా మగా లేదు, ఎక్కువా తక్కువా లేదు. మనసారా పిలిచినవాళ్ళు ఈ జన్మలోనే వస్తారు."

ఆచార్యులు అది చేదు మందు మింగినట్టు గబగబా చదివాడు.

"ఇనపల్లేదు సామీ" అంది బాన.

రెండోసారి నెమ్మదిగా చదివాడు.

"ఇంగోసారి సామీ, మా ఆయనకి చెప్పల్ల."

మూడోసారి చదవలేకపోయాడు. ఆకు ఒళ్ళోకి దించాడు.

"మా అమ్మ పోయేముందు ఇదే అడిగింది ఓబులమ్మా. వచ్చే జన్మలో మగవాడిగా పుట్టు, అప్పుడు చూద్దాం అన్నాను. ఆమె సరే నాయనా అని కళ్ళు మూసింది. ఈ ఆకు నా చేతిలోనే ఉంది. పొంగలి కోసం తిప్పలేదు."

ఓబులమ్మ బాన అంచు మీదుగా చెయ్యి చాపి ఆయన తల నిమిరింది.

"ఏడవాకు సామీ. మీ అమ్మ ఎప్పుడో పోయింటాది. ఆమె పిలిచింటే సామి నీ సదువు అయిపోయేదాకా ఆగుంటాడా?"

ఆచార్యులు కళ్ళు తుడుచుకుని తన భుజం ఆసరా ఇచ్చాడు.

"కాలు యాడ పెట్టల్ల సామీ?"

"నేలమీదే అమ్మా. స్వామి ఎదురుగా."

పొద్దు గూకాక వచ్చిన బానలో పొంగలి ఉడికింది. మొదటి ముద్ద ఓబులమ్మకి పెట్టారు. "నెయ్యి ఎక్కువాయె" అని వంక కూడా పెట్టింది.

కొన్నేళ్ళకి ఆమె పోయింది. ఆచార్యులు కుమ్మరి వీధికి దిగి వచ్చి, ఆమె చెవి దగ్గర ఆ ఆకు చదివాడు. ఈసారి మూడుసార్లూ చదివాడు.

ఇప్పటికీ ఆ కొండమీద రెండో అధ్యాయం అయితే గానీ పొయ్యి వెలిగించరు. ఎవరైనా సగం శాస్త్రం చెప్పి ఎదుటివాళ్ళని గడప బయట నిలబెడితే, "తర్వాతి ఆకు తిప్పవయ్యా, ఓబులమ్మ వింటోంది" అంటారు. తిరునాళ్ళనాడు వంటస్వామి నీళ్ళు పోసేముందు బానని మూడుసార్లు తట్టి, "ఓబులమ్మా, ఉండావా?" అని అడుగుతాడు.

అప్పుడు మండపంలో ఆడా మగా, ఏ వీధివాళ్ళైనా సరే, అందరూ ఒక్క గొంతుతో అంటారు.

"ఉండా సామీ, సదువు!"