ముళ్ళత్త నడిచిన దారి

అనగనగా ఒక అడవి. దానికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పట్నం. మధ్యలో సరుగుడు చెట్లు, జీడిమామిడి చెట్లు, ఎర్రమట్టి దిబ్బలు. అక్కడ గరిక అనే కుందేలు తన ఇద్దరు పిల్లలతో ఉండేది.

గరిక చిన్నప్పుడు వాళ్ళమ్మ దాన్ని రోజూ నీటి ఊటకి తీసుకెళ్ళేది. సముద్రం పక్కనే ఉన్నా ఆ నీళ్ళు ఎంత తియ్యగా ఉండేవో! దారిలో అమ్మ మూడు చోట్ల ఆగేది. మొగలి పొద దగ్గర "వాసన చూడు" అనేది. ఎర్రమట్టి గండిలో "కాళ్ళకి చల్లగా లేదూ?" అనేది. పెద్ద బండ దగ్గర "అలల చప్పుడు ఎటు వినపడితే అటు తిరుగు" అనేది.

తర్వాత పట్నంవాళ్ళు అడవి చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. నడవడానికి కొత్త బాట వేసి, అటూ ఇటూ రాళ్ళకి సున్నం కొట్టారు. జంతువుల కోసం సిమెంటు తొట్టి కట్టి, రోజూ నీళ్ళు పోయించారు. ఇంకేం, అందరూ ఊట మాటే మర్చిపోయారు. ఒక్క ముసలి ముళ్ళపంది తప్ప. దాన్ని అందరూ ముళ్ళత్త అనేవారు.

"పిల్లల్ని ఒక్కసారి నాతో పంపవే గరికా, ఊట దారి చూపిస్తాను," అంది ముళ్ళత్త.

"తొట్టి ఇంటిముందే ఉంటే ఊట ఎందుకత్తా? నీ ముళ్ళన్నీ దారిపొడుగునా రాలిపోతున్నాయి, ముందు అవి ఏరుకో!" అని నవ్వింది గరిక.

"రాలనీలే. మీ అమ్మా నేనూ కబుర్లు చెప్పుకుంటూ నడిచిన దారే అది. నేను కూడా మానేస్తే మూసుకుపోద్ది," అని ముళ్ళత్త ఒక్కతే వెళ్ళింది.

ఆ చలికాలంలో ముళ్ళత్త చనిపోయింది.

ఎండాకాలం వచ్చింది. అడవి అంటుకుంటుందేమోనని పట్నంవాళ్ళు అడవి గేటు మూసేశారు. నీళ్ళు పోసేవాళ్ళు లేక తొట్టి ఎండిపోయింది.

"అమ్మా, దాహం..." అంటూ చిన్నది నేలమీద వాలిపోయింది.

గరికకి ఊట గుర్తొచ్చింది. పిల్లల్ని ముందుకి తోసుకుంటూ పాత దారి కోసం వెతికింది. ఎటు చూసినా కంపలే. అంతలో గడ్డిలో నలుపూ తెలుపూ చారల ముల్లు ఒకటి కనిపించింది. పక్కనే మొగలి వాసన! గరికకి అమ్మ గొంతు వినపడినట్టయింది. కంపల కింద సన్నటి దారి ఇంకా తెరుచుకునే ఉంది. గండిలో ఇంకో ముల్లు. కాళ్ళకి అదే చల్లదనం. బండ దగ్గర మరో ముల్లు. గరిక చెవులు నిక్కించి, అలల చప్పుడు వైపు తిరిగింది.

అదిగో ఊట!

చిన్నది కడుపునిండా తాగి లేచి కూర్చుంది.

"ముళ్ళత్త మనకోసమే ముళ్ళు పడేసిందా అమ్మా?"

"లేదురా. రోజూ నడిచింది, అంతే," అంది గరిక. దాని కళ్ళు తడిసిపోయాయి.

వానలు పడ్డాయి. గేటు తెరిచారు, తొట్టి మళ్ళీ నిండింది. అయినా గరిక రోజూ సాయంత్రం పిల్లల్ని ఊటకి బయల్దేరదీసేది.

"తొట్టిలో నీళ్ళున్నాయిగా అమ్మా?" అన్నది చిన్నది.

"నీళ్ళ కోసం కాదురా, దారి కోసం. ఇదిగో, ఈ మొగలి వాసన చూడు."

నీతి: పెద్దవాళ్ళు నడిచిన మంచి దారిలో అవసరం లేని రోజున కూడా నడుస్తూ ఉండాలి. అవసరం వచ్చిన రోజున ఆ దారే మనల్ని కాపాడుతుంది.