పెట్టెలో నిలబెట్టిన చాప

ఆ ఉదయం కూడా ఎర చేపలు చచ్చిపోయాయి.

ధనరాజు మొహం కందగడ్డ చేసుకుని వాటిని ఒక్కొక్కటే తీసి, ఒడ్డుకి దగ్గర్లో లంగరేసిన పడవ మీంచి సముద్రంలోకి విసిరాడు. వరసగా మూడో రోజు. చచ్చిన ఎర కంటే బతికున్న కవళ్లకే, ఆ చిన్న చేపలకే, సూర చేప ఎగబడుతుందని పడవ వాళ్లని ఒప్పించింది అతనే. పాత ఐసు పెట్టె తెచ్చి, పడవ వెనక భాగంలో తాళ్లతో బిగించి, బ్యాటరీ మోటారుతో ఒక గొట్టంలోంచి సముద్రపు నీళ్లు వచ్చేలా, ఇంకో గొట్టంలోంచి పోయేలా చేసిందీ అతనే. పనయ్యాక ఇద్దరు పట్టుకుంటే ఒడ్డుకి దించేయొచ్చు.

నీళ్లు ఎప్పటికప్పుడు మారుతున్నాయి. చోటుకి కొదవ లేదు. ఊళ్లో దొరికిన పెట్టెల్లో ఇదే పెద్దదని ఏరి మరీ తెచ్చాడు. ప్రతి ప్రాణికీ దాని చోటు దానికి దక్కాలని చదువుకున్నవాడు, చదివింది నమ్మినవాడు. మరి ఎందుకు చచ్చాయి?

గాలం వెయ్యడంలో కొర్లయ్యని మించినవాడు ఆ తీరంలో లేడు. ఇంకొక్కసారి ఎర చస్తే పెట్టె అయినా దిగాలి, తనైనా దిగాలి అనేశాడు. కొర్లయ్య లేని పడవ వేటకి పోవడం కల్ల.

ధనరాజు గురువు మసేనయ్య పడవ ముందు భాగంలో ప్లాస్టిక్ చాప మీద కూర్చుని గాలాలకి దారం కడుతున్నాడు. నాలుగేళ్లుగా పని నేర్పుతున్నాడు గానీ, ఒక్కనాడూ కూర్చోబెట్టి పాఠం చెప్పిన మనిషి కాదు.

ధనరాజు తన గోడు వెళ్లబోసుకున్నాడు. మధ్యలో అంత చోటుండగా చేపలన్నీ మూలల్లో ఇరుక్కుని ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయన్నాడు. సంకెళ్లకి అలవాటు పడ్డవాళ్లకి స్వేచ్ఛ ఎదురొచ్చినా ఆనవాలు తెలియదన్నాడు.

మసేనయ్య దారం కొరికి లేచాడు. తను పడుకునే ఆ చాపనే కత్తితో పెట్టె ఎత్తుకి కోశాడు. పెట్టె గోడలకి ఆనేలా గుండ్రంగా చుట్టి లోపల నిలబెట్టి, పైన తాడుతో బిగించాడు. నాలుగు మూలలూ చాప వెనక్కి పోయాయి.

"చోటు తగ్గించేశావు తాతా."

"నన్నేటి అడుగుతావు? చేపనడుగు."

మళ్లీ వల విసిరారు. బకెట్టెడు కవళ్లు పెట్టెలో పోశారు. అవి చాపకి కొట్టుకున్నాయి, జారాయి, మళ్లాయి. కాసేపటికి ఒకదాని వెనక ఒకటి తిరగడం మొదలెట్టాయి. గంట గడిచింది. ఒక్కటీ చావలేదు.

ధనరాజుకి సంతోషం కలగలేదు. ఎటు తిప్పి ఆలోచించినా లెక్క కుదరడం లేదు. విశాలమైన చోట చచ్చినవి ఇరుకులో ఎలా బతికాయి?

అప్పుడే కొర్లయ్య పెట్టెలోకి చూద్దామని వచ్చాడు. తికమకలో ఉన్న ధనరాజు కోపమంతా అతని మీదికి మళ్లింది. ఇప్పుడేమంటావు మావా, దిగేది నువ్వా పెట్టా అని నిలదీశాడు. కొత్తది ఏది వచ్చినా అడ్డుపడేది మీలాంటివాళ్లేనని, చరిత్ర మిమ్మల్ని క్షమించదని ఊపిరాడకుండా దులిపేశాడు. కొర్లయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. పిక్కకి ఇంజను తగిలింది. తల దించుకున్నాడు.

మసేనయ్య పెట్టెలోకి చూస్తూనే అన్నాడు.

"ఒరే, కాస్త జరుగు. ఆడికి దారియ్యి."

ధనరాజు అప్పుడు చూశాడు. కొర్లయ్యకి ఒక పక్క పెట్టె, ఒక పక్క పడవ అంచు, వెనక ఇంజను. ముందు తను.

ధనరాజు పక్కకి ఒదిగి నిలబడ్డాడు. మనిషి పట్టేంత సందు అయింది.

కొర్లయ్య అందులోంచి నడిచిపోయాడు. ఇక నీళ్లలోకి దూకి ఒడ్డుకి ఈదుకుపోతాడనే అనుకున్నాడు ధనరాజు. కొర్లయ్య పడవ ముందుకి పోయి, వంగి, లంగరు పైకి లాగడానికి తాడు అందుకున్నాడు. బరువుకి ఒకసారి మూలిగాడు.

ధనరాజు వెళ్లి, అతని వెనక నిలబడి తాడు పట్టుకున్నాడు.