వెళ్ళొస్తానన్న మాట

అనగనగా, గండేటి ఒడ్డున వరిచేల కంటే తమలపాకు తోటలే ఎక్కువగా ఉన్న రోజుల్లో, వెంగళయ్య అనే ఆకుల వర్తకుడు ఉండేవాడు.

పొద్దు వాలేవేళ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని అతను వీధి మలుపు తిరిగేసరికి ఇంట్లోంచి భార్య గొంతు వినిపించేది. పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే ఆమె గుమ్మంలో కూర్చున్న కూతుర్ని అడిగేది.

"వచ్చాడా?"

"ఇంకా రాలేదమ్మా," అనేది ఆ పిల్ల, తండ్రిని చూస్తూనే, నవ్వు ఆపుకుంటూ. రోజూ అదే ఆట. రోజూ వెంగళయ్య ఆ ఆటకోసమే కాళ్ళు ఈడ్చుకుంటూ ఇల్లు చేరేవాడు.

ఒక ఎండాకాలం ఊళ్ళో అమ్మవారు పోసింది. కూతురు పోయింది. కూతురి వెనకే తల్లీ పోయింది. ఎవరూ అడగని గుమ్మంలోకి అడుగు పెట్టడం వెంగళయ్యకు చేతకాలేదు. మిగిలిన బతుకు దేవుడి సేవకు ఇచ్చేస్తానని మొక్కుకుని, ఇంటికి తాళం వేసి, కొండమీది మఠానికి వెళ్ళాడు.

దేవుడి పేరున సత్రాలు, ఆశ్రమాలు ఎక్కడ నడుస్తున్నాయో, ఎక్కడ మనుషుల చేతులు కావాలో ఆ మఠం పెద్దస్వామికి తెలుసు. కొన్ని ఈ దేశంలోనే ఉండేవి. కొన్ని సముద్రం అవతల ఉండేవి. వెళ్ళినవాడికి కూలి ఉండదు. రెండుపూటలా తిండి, పడుకోవడానికి చాప. కనీసం ఒక పుష్కరం, అంటే పన్నెండేళ్ళు, ఉండగలిగితే మంచిదని స్వామి అందరికీ చెప్పినట్టే వెంగళయ్యకూ చెప్పాడు.

"ఉంటాను స్వామీ. కానీ నా చోటు ఫలానాదని నాకెలా తెలుస్తుంది?"

స్వామి అతని ముఖంలోకి చూశాడు. "నీకోసం ఎదురుచూసేవాళ్ళు ఎక్కడుంటే అదే నీ చోటు, నాయనా."

ఆ మాట వెంగళయ్య గుండెలో పుండు మీద పడింది. అతనికి కావలసింది అదే.

ముందు అతన్ని కొండదారిలో యాత్రికుల సత్రానికి పంపారు. వెంగళయ్య వెళ్ళి గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాడు. ఎవరూ అతనికోసం చూడటం లేదు. వంటమనిషి పోలమ్మ పొగలోంచి తల బయటపెట్టి, దిష్టిబొమ్మలా నిలబడకుండా గరిటె అందుకోమంది. పేరడిగింది. చెప్పాడు.

"సరిపోయింది. మా సత్రానికి వెంగళప్ప ఒక్కడే తక్కువయ్యాడు," అంది.

అతని చెయ్యి మంచిది. ఎంతమంది కూర్చున్నా చివరి విస్తరి దాకా పప్పు అందేలా వడ్డించేవాడు. కానీ యాత్రికులు తినేవాళ్ళు, చెయ్యి కడుక్కునేవాళ్ళు, కొండెక్కి పోయేవాళ్ళు. మళ్ళీ కనబడేవాళ్ళు కాదు. వానలు వెనకపట్టేసరికి, ఇది నా చోటు కాదనుకున్నాడు వెంగళయ్య. మూట కట్టుకుని పోలమ్మతో, "వెళ్ళొస్తాను," అన్నాడు. గడప దాటేటప్పుడు పోతాననడం మనలో అపశకునం కదా. పోలమ్మ మంచిదని తల ఊపి, అతని గరిటె కడిగి మేకుకు తగిలించింది.

రెండోసారి అతన్ని అడవిలో గుడ్డివాళ్ళ ఆశ్రమానికి పంపారు. అక్కడా గుమ్మంలో ఎవరూ లేరు. వాళ్ళకు అలికిడి తప్ప మనిషి తెలియదు. ఊట దగ్గరికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకోవాలంటే వాళ్ళు కళ్ళున్నవాడి చెయ్యి పట్టుకుని నడవాలి. వెంగళయ్యకు ఒక ఉపాయం తట్టింది. నార పేని, తాడు చేసి, ఆశ్రమం అరుగు నుంచి చెట్టుకూ చెట్టుకూ కట్టుకుంటూ పోయాడు. ఆ తాడు పట్టుకుంటే ఎవరి నీళ్ళు వాళ్ళు తెచ్చుకోవచ్చు. గుడ్డివాళ్ళు రోజూ ఆ తాడు తడిమి చూసుకుని మురిసిపోయేవాళ్ళు. తాడు సగం దూరం వచ్చింది. ఈలోగా వెంగళయ్య మనసు మళ్ళీ దిగులుపడింది. వీళ్ళు ఎదురుచూసేది తాడుకోసం, నాకోసం కాదనుకున్నాడు. ఒక పొద్దున వాళ్ళతోనూ వెళ్ళొస్తానని చెప్పి దారి పట్టాడు.

మఠానికి తిరిగొచ్చాక పెద్దస్వామి ఈసారి అతన్ని ఓడ ఎక్కించి శంఖద్వీపానికి పంపాడు.

ఆ దీవిలో అయినవాళ్ళు లేని ముసలివాళ్ళకు మఠం వాళ్ళు ఒక పాక వేశారు. అందులో కయాలి అనే ముసలామె ఉండేది. కాళ్ళు పడిపోయాయి. ఎన్నడో ఓడెక్కి వెళ్ళిన కొడుకు తిరిగి రాలేదు. వెంగళయ్య రోజూ సాయంత్రం ఆమెను వీపున వేసుకుని సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్ళేవాడు. ఆమె సముద్రం వంక చూసేది. ఆమె పెంచిన గోరువంక భుజం మీద కూర్చునేది.

ఒకరి భాష ఒకరికి రాదు. అయినా వెంగళయ్య ఆ ఒడ్డున కూర్చుని తెలుగులో తన ఇల్లూ, తన గుమ్మమూ, ఆ సాయంత్రపు ఆటా అన్నీ చెప్పేవాడు. ఎవరికీ చెప్పని మాటలు అర్థంకాని మనిషికి చెప్పుకోవడం తేలిక. కయాలికి ఆ కథలో ఒక్క ముక్క నచ్చింది. బోసినోటితో అదే మళ్ళీ మళ్ళీ అనేది, "వచ్చాడా? వచ్చాడా?" దాని అర్థం చేతులతో చెప్పి చూపించాడు వెంగళయ్య.

అలా ఏడాది తిరిగింది. ఒక సాయంత్రం ఆమె కళ్ళు సముద్రం మీదే ఉండటం చూసి, ఈమె కొడుకుకోసం ఎదురుచూస్తోంది, ఇక్కడ నేను ఎవరిని అనుకున్నాడు. ఆమెను మోసే బాధ్యత పాకలో పనిచేసే మరొకడికి అప్పగించి, తెలుగునాటి ఓడ రాగానే ఎక్కాడు.

"వెళ్ళొస్తాను," అన్నాడు.

ఒడ్డున కూర్చున్న కయాలి అర్థంకాక, రెండు భాషలూ తెలిసిన ఓడ సరంగును అడిగింది. సరంగు మాటకు మాట చెప్పాడు: వెళ్తాడట, మళ్ళీ వస్తాడట. ముసలామె ముఖం విప్పారింది. వెంగళయ్య అది చూశాడు. చూసి, ఏమీ అనలేదు. ఓడ కదిలింది.

మూడు చోట్లా ఎవరూ నాకోసం ఎదురుచూడలేదు స్వామీ, మీ మాట తప్పిందని మఠంలో అతను వాపోయాడు. స్వామి కోప్పడలేదు.

"వచ్చేటప్పుడు వాళ్ళతో ఏమని చెప్పావు?"

"అందరూ చెప్పేదే స్వామీ. వెళ్ళొస్తానన్నాను."

"వెళ్ళావా మళ్ళీ?"

"లేదు స్వామీ."

"చూడని మనిషికోసం ఎవరైనా ఎలా ఎదురుచూస్తారు, పిచ్చివాడా? నువ్వు వెనక్కి తిరిగాకే కదా వాళ్ళు చూడటం మొదలుపెట్టేది. పో, చూసి రా."

వెంగళయ్య వెళ్ళాడు. సత్రంలో మేకుకు గరిటె తుప్పు పట్టి ఉంది. పండగ రద్దీలో కూడా దాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదనీ, చివరికి వేరే మనిషిని పెట్టుకున్నామనీ పోలమ్మ చెప్పింది. "వెంగళప్పవి నువ్వు కాదయ్యా, నేను," అని పొగలోకి వెళ్ళిపోయింది.

అడవిలో తాడు ఊట దాకా కట్టి ఉంది. సగం దూరం దగ్గర మాత్రం నేల గడ్డి లేకుండా నున్నగా అరిగిపోయింది. గుడ్డివాళ్ళలో పెద్దాయన అతని గొంతు గుర్తుపట్టాడు. తాడు అయిపోయిన చోటికి రోజూ వచ్చి నిలబడి కేకలు వేసేవాళ్ళమనీ, ఒకడు తాడు వదిలి ముందుకు నడిచి లోయలో పడి చనిపోయాడనీ, ఆ తర్వాత ఎవరో దారిన పోయేవాళ్ళు మిగతాది కట్టారనీ చెప్పాడు. ఆ చెప్పడంలో నిష్ఠూరం లేదు. అదే వెంగళయ్యను కోసేసింది.

ఓడ దీవిని చేరేసరికి సాయంత్రమైంది. ఒడ్డున ఎవరూ లేరు. పడవలు కట్టే గుంజ మీద గోరువంక ఒక్కటే ఉంది.

"వచ్చాడా?" అంది.

వెంగళయ్య పాక వైపు పరుగెత్తాడు. పాక దగ్గర ఉన్నవాళ్ళు జరిగింది చెప్పారు. అతను అప్పగించిన మనిషి కొన్నాళ్ళు మోసి మానేశాడు. కయాలి చేతుల మీద దేకుతూ ఒడ్డుకు పోయేది. కొడుకు సంగతి అడగడం మానేసింది. తెలుగు ఓడ కనబడితే చాలు, వచ్చాడా అని అడిగేది. వానల్లో వద్దన్నా వినలేదు. జ్వరం పట్టుకుంది. పోయిన అమావాస్యకు పోయింది.

వెంగళయ్య ఒడ్డుకు వచ్చి గుంజ పక్కన కూలబడ్డాడు. పక్షి మళ్ళీ అడిగింది. దాని గొంతులో ముసలామె ఉంది. ఆమె గొంతులో అతని భార్య ఉంది.

"వచ్చాను," అన్నాడు వెంగళయ్య.

గోరువంకకు ఆ మాట నేర్పినవాళ్ళు లేరు. తల ఒకవైపు వాల్చి విని, మళ్ళీ అదే అడిగింది.

ఆ తర్వాత వెంగళయ్య దీవి వదల్లేదు. ఒక పుష్కరం దాటింది, ఇంకొకటి వచ్చింది. రోజూ సాయంత్రం ఒక్కొక్క ముసలివాణ్ణి వీపున మోసి ఒడ్డుకు తెచ్చేవాడు. బావికి వెళ్ళేటప్పుడు కూడా, వెళ్ళి నీళ్ళు తెస్తానని మాత్రమే అనేవాడు. తెచ్చేవాడు. ఆ గోరువంక పోయాక దాని పిల్లలు గుంజ మీద కూర్చుని అదే ప్రశ్న అడిగేవి. వంగిపోయిన నడుముతో ముసలి వెంగళయ్య రోజూ అదే జవాబు చెప్పేవాడు. వినవలసిన మనిషి మాత్రం వినలేదు.

అందుకే పిల్లలూ, సేవకు చోటు నిలిచినవాడికే దొరుకుతుంది. వెళ్ళొస్తానన్నవాడు, ఎదురుచూసే కళ్ళు మూతపడకముందే రావాలి.