ఆదివారం తెరిచిన కొట్లు

ఏటి ఒడ్డున పొన్నరేవు అనే ఊళ్ళో గవరయ్య బ్రాందీ కొట్టు నడుపుతుండేవాడు. ఎదురు కొట్టు సన్యాసిరావుకి ఒక్క బేరం ఎక్కువ తగిలినా గవరయ్యకి అన్నం సహించేది కాదు.

ఆదివారం మద్యం అమ్మకూడదని అక్కడ చట్టం ఉండేది. అందుకే ఆ ఒక్కరోజు గవరయ్య వేరే మనిషి అయ్యేవాడు. పొద్దున్నే ఏటికి పోయి ఊరి పందెం పడవకి చుక్కాని పట్టేవాడు. ముందు వరసలో సన్యాసిరావు తెడ్డు వేసేవాడు. పడవలో ఉన్నంతసేపూ ఇద్దరికీ కొట్ల ఊసే ఉండేది కాదు.

ఒక ఏడు ప్రభుత్వం ఆ చట్టం మార్చింది. ఇష్టమైనవాళ్ళు ఆదివారం కూడా అమ్ముకోవచ్చంది.

"మనం తెరవకపోతే ఏమండీ?" అని భార్య నూకరత్నం అడిగింది.

"సన్యాసిరావు తెరుస్తాడు. మన బేరాలన్నీ అటే పోతాయి," అన్నాడు గవరయ్య.

రెండు కొట్లూ తెరుచుకున్నాయి. శనివారమే కొని దాచుకునేవాళ్ళు ఇప్పుడు ఆదివారం తీరిగ్గా వచ్చి కొనుక్కున్నారు. అంతకుమించి పెరిగిందేమీ లేదు. గవరయ్య ఎదురు కొట్టుకేసి చూస్తూ కూర్చునేవాడు. సన్యాసిరావు ఇటుకేసి చూస్తూ కూర్చునేవాడు.

పడవ పందేల ఆదివారం రానే వచ్చింది. ఏటి వైపు నుంచి డప్పుల మోత వినిపిస్తోంది. నూకరత్నం వగరుస్తూ వచ్చింది.

"చుక్కాని పట్టేవాళ్ళు లేక మన పడవ ఒడ్డునే ఉంది. రండి."

"సన్యాసిరావు మూస్తే నేనూ మూస్తాను," అన్నాడు గవరయ్య.

ఆవిడ నేరుగా రోడ్డు దాటి అడిగొచ్చింది. "అన్నయ్యగారు కూడా అదే మాట అన్నారు. మీరు మూస్తే మూస్తారట," అని పకపకా నవ్వింది.

గవరయ్యకి సిగ్గేసింది. కాసేపు డప్పులు వింటూ కూర్చున్నాడు. కాళ్ళు నిలవలేదు. లేచి షట్టర్ దించేశాడు.

"సన్యాసీ, నువ్వు తెరిచే ఉంచుకో. నేను పడవ దగ్గరికి పోతున్నా," అన్నాడు.

సన్యాసిరావు తెల్లబోయాడు. "నేనొక్కణ్ణీ ఇక్కడ ఈగలు తోలుకోవాలా? ఆగు బావా," అంటూ తాళం వేసి పరిగెత్తుకొచ్చాడు.

సాధన తప్పిన పడవ గెలుస్తుందా? రెండోదిగా వచ్చింది. అయినా ఊరంతా ఈలలు వేసింది. నీళ్ళలో తడిసి ముద్దైన బావలిద్దరూ ఒకే విస్తట్లో చేపల పులుసు అన్నం తిన్నారు. ఆ తర్వాత ఏ ఆదివారమూ వాళ్ళు కొట్లు తెరవలేదు. బేరాలు మళ్ళీ శనివారానికి మళ్ళాయి.

చట్టం ఒప్పుకున్న పనల్లా చేయనక్కరలేదు. పక్కవాడు చేస్తాడేమోనన్న భయంతో అసలు చేయకూడదు.