మద్దిచెట్టు మీద గీతలు

అనగా అనగా, అడవిలో ఇంకా దారులు పడని రోజుల్లో, ఒక అడవిదున్నల మంద ఉండేది. మందలో రెండు దూడలు. కర్రి పొడుగుది. చిన్ని పొట్టిది.

మందకు పెద్దదిక్కు ఒక ముసలి అవ్వ. అవ్వకు మతిమరుపు. నిన్న నీళ్ళు తాగిన మడుగును ఇవాళ వెతుక్కునేది. అందుకే ప్రతి పున్నమికీ దూడలను మద్దిచెట్టు పక్కన నిలబెట్టి, వాటి ఎత్తున బెరడు మీద కొమ్ముతో గీత గీసేది.

"దూడలు కళ్ళ ముందే ఉంటే చెట్టును గీకడమెందుకు, అవ్వా?" అని మంద నవ్వేది.

"ఇవాళ్టి ఎత్తు కళ్ళకు కనిపిస్తుంది. మొన్నటిది నాకెవరు చెబుతారు?" అనేది అవ్వ.

ఒక పున్నమినాడు వాగు దాటి పులి వచ్చింది.

"ఎదగని దూడ మీకెందుకు? ఆ పొట్టిదాన్ని నాకు వదిలేయండి" అంది.

మంద తలలు దించుకుంది. అవ్వ తల ఎత్తింది.

"ఇవ్వను. నాలుగో పున్నమికి చిన్ని కర్రిని మించుతుంది. మించకపోతే నన్ను తిను. మించితే మళ్ళీ వాగు దాటి రాకు."

"నిన్నటి మడుగే గుర్తుండదు, నాలుగో పున్నమి సంగతి నీకెలా తెలుసే ముసలీ?" అని నవ్వి, సరేనని పోయింది పులి.

"ఎంత పని చేశావవ్వా" అని చిన్ని ఏడ్చింది.

"ఏడుపాపి ఇటు రా. కర్రీ, నీ గీతకూ గీతకూ మధ్య గిట్ట పెట్టి చూడు."

"ఒక గిట్ట."

"చిన్నీ, నీకు?"

"రెండు గిట్టలు."

"ఇవాళ కర్రి నీకంటే మూడు గిట్టలు ఎత్తు. పున్నమికి ఒక గిట్ట చొప్పున ఆ తేడా తరుగుతుంది. మూడో పున్నమికి?"

"సమానం."

"నాలుగో పున్నమికి?"

చిన్ని ఏడుపు ఆగింది. "నేనే ఒక గిట్ట ఎక్కువ."

"ఇలాగే మేస్తేనే సుమా. పద, మేతకు."

మొదటి పున్నమికి తేడా రెండు గిట్టలైంది. రెండో పున్నమికి ఒకటైంది. మూడో పున్నమికి రెండు గీతలూ కలిశాయి.

నాలుగో పున్నమికి పులి వచ్చింది. చిన్ని గీత పైన ఉంది.

"గీతలూ గీకుళ్ళూ నాకొద్దు. పొట్టిదాన్ని ఇవ్వండి" అని గుర్రుమంది పులి.

"ఇప్పుడు పొట్టిది ఏదో చూసుకుని అడుగు" అంది అవ్వ.

పులి చూపు కర్రి మీద పడింది. వెంటనే చిన్ని కర్రికి అడ్డంగా నిలబడింది.

"దీన్నీ ఇవ్వం. అడుగు వేసి చూడు."

చిన్ని పక్కన అవ్వ నిలబడింది. అవ్వ పక్కన, ఈసారి తల దించకుండా, మందంతా కొమ్ములు చాచి నిలబడింది. పులి ఆ కొమ్ముల వరుసను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. వెనక్కి తిరిగి వాగు దాటింది.

ఇవాళ ఎంత ఎత్తున్నారో చూసి ఎవరినీ వదులుకోకండి. ఎంత వేగంగా ఎదుగుతున్నారో కొలవండి, కొలిచి తెలుసుకున్న నిజం కోసం తల ఎత్తి నిలబడండి.