పచ్చెన్న సగం గూడు

అనగనగా అన్నానని మరీ పాతకాలం అనుకోకండి పిల్లలూ, మొన్నమొన్నటి సంగతే ఇది. ఒక అడవి చివర సన్నని వాగు ఉంది. వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు ఉంది. ఆ చెట్టు మీద పచ్చెన్న అనే గిజిగాడు, అతని భార్య జొన్నమ్మ కాపురం ఉండేవారు.

గిజిగాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మగపక్షి గడ్డిపోచలతో సగం గూడు అల్లుతుంది. ఆడపక్షి వచ్చి ముక్కుతో లాగి చూస్తుంది. ఆమె సరేనంటేనే మిగతా సగం అల్లాలి.

ఆ ఏడు వాగు గట్టున గూడు అల్లే రెల్లుగడ్డి ఎండిపోయింది. గింజలూ దొరకడం లేదు. జొన్నమ్మకేమో గుడ్లు పెట్టే రోజులు. ఇక్కడే ఉండాలా, పట్నం పోవాలా అని పచ్చెన్నకు దిగులు పట్టుకుంది.

"ఇదిగో, నేనొక మాట చెప్పనా?" అంది జొన్నమ్మ.

"ఉండవే, తెలిసినవాళ్లని అడిగొస్తా" అని పచ్చెన్న తుర్రుమన్నాడు.

కాకి మావయ్య రోజూ పట్నం పోయి వస్తాడు. "పోరా అల్లుడూ! హోటల్ వెనకాల వాలితే చాలు, ఇడ్లీ ముక్కలే ఇడ్లీ ముక్కలు!" అన్నాడు. పచ్చెన్న హుషారుగా తిరిగొచ్చి, అప్పటికి అల్లిన నాలుగు పోచలూ పీకేశాడు.

"ఇదిగో, నా మాట..." అంది జొన్నమ్మ.

"ఉండవే, పట్నంలో ఉన్నవాళ్లని కూడా అడగాలి కదా!"

పట్నంలో ఉండే పావురం అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. "రావద్దు నాయనా! కిటికీ మీద రెండు పుల్లలు పేర్చుకుంటే చీపురుతో తోసేశారు" అంది. పచ్చెన్న పట్నం ఆశ వదులుకున్నాడు. తిరిగొచ్చి మళ్లీ అల్లడం మొదలుపెట్టాడు. సగం అయ్యేసరికి మళ్లీ ఇడ్లీ ముక్కలు గుర్తొచ్చాయి. అల్లిక ఆపేశాడు.

"ఇదిగో..." అంది జొన్నమ్మ.

"ఉండవే, ఈ ఒక్కసారికి!"

వాగులో తాబేలు తాత కళ్లు మూసుకునే విన్నాడు. "ఉంటే ఉండు, పోతే పో. నేనెప్పుడూ ఎక్కడికీ పోలేదు, నాకేం తెలుసు?" అన్నాడు. ఎవరి మాట వింటే వాళ్లదే నిజం అనిపించింది. పచ్చెన్నకు బుర్ర తిరిగిపోయింది. ఒక కొమ్మ మీద కూర్చుని కాసేపు పట్నం వైపు, కాసేపు వాగు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఈలోగా మబ్బులు కమ్ముకొచ్చాయి. పచ్చెన్న తేల్చుకునేదాకా గుడ్డు ఆగుతుందా, పాపం! వేరే దారి లేక జొన్నమ్మ ఆ సగం గూట్లోనే గుడ్డు పెట్టింది. గాలి ఒక్క విసురు విసిరింది. గూడు ఊగింది. గుడ్డు దొర్లి, బుడుంగుమని వాగులో పడిపోయింది.

జొన్నమ్మ ఏడ్చింది. పచ్చెన్నా ఏడ్చాడు. వాన వెలిశాక అతను మెల్లిగా అడిగాడు. "జొన్నా, ఉందామా, పోదామా? నాకేం తోచడంలేదు. నువ్వు చెప్పు."

"నాతో రా" అంది జొన్నమ్మ.

ఇద్దరూ ఎగిరి ఎగిరి పట్నం పొలిమేరకు చేరారు. అక్కడొక చెరువు. చెరువు మీదికి వాలిన ఈతచెట్టు. గట్టు చుట్టూ పచ్చటి జమ్ముగడ్డి, పక్కనే వరి చేలు. చీపురు పట్టుకొచ్చేవాళ్లు లేరు.

"గింజలకోసం తిరుగుతూ ఈ చోటు ఎప్పుడో చూశాను" అంది జొన్నమ్మ.

"మరి ముందే చెప్పలేదేం?" అనేశాడు పచ్చెన్న.

జొన్నమ్మ అతని వంక చూసిందంతే. పచ్చెన్న తల దించుకున్నాడు.

మర్నాటినుంచి గడ్డిపోచలు తెచ్చి గూడు అల్లసాగాడు. సగం అయ్యాక పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. ఎవరి దగ్గరికీ పరుగెత్తలేదు.

"లాగి చూడు జొన్నా" అన్నాడు.

జొన్నమ్మ గట్టిగా లాగి చూసింది. మళ్లీ లాగింది. గూడు కదల్లేదు.

"ఊఁ, మిగతాది అల్లు" అంది.

నీతి: ఎక్కడ కాపురం పెట్టాలో లోకమంతా తిరిగి అడిగేముందు, ఆ గూట్లో మనతో ఉండబోయేవాళ్లని అడగాలి.